ఆకాశ నౌక, ఆగిన భోజనాలు

"నాటకం ముగిసేదాకా కోటలో ఎవరూ ముద్ద ముట్టకూడదహో..."

దండోరా కేక వీధి చివర్నుంచి వినిపిస్తుంటే నా ఛాతీ జానెడు పొంగింది. ఆ నాటకం రాసింది నేనే మరి. మల్లభూపతి గారి ఆస్థాన కవిని. నా తెలివి ఎంతటిదో మీరే చూద్దురుగాని.

నాటకం పేరు కుజలోక యాత్ర. రాగిరేకుల నౌక తాళ్ల మీద సభంతా చుట్టి వచ్చింది. వెయ్యి గాజుదీపాలు చుక్కలై వెలిగాయి. ఎర్రటి పొగలోంచి మూడు కళ్ల సైనికులు దిగారు. రాజుగారు తెరిచిన నోరు మూయలేదు.

"దీని ముగింపు ఎవరి ఊహకీ అందదు ప్రభూ" అన్నాను మీసం మెలేస్తూ.

అప్పటికే మధ్యాహ్నం దాటింది. ఇంకా మూడు అంకాలున్నాయి.

వంటశాల పెద్ద వెంగమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. పొరుగు రాజ్యం అతిథులకు చల్లారిన అన్నం పెడితే కొలువు ఊడుతుందని రాజుగారు ఆమెతో పొద్దున్నే చెప్పారు. నాటకం ఆపమందామా అంటే రాజాజ్ఞ.

"కవిగారిని ఒక్క మాట అడగాలి దొరా" అంది.

"అడుగు" అన్నారు రాజుగారు, నౌక మీంచి చూపు తిప్పకుండా.

"కుజలోకం పెళ్లికూతురు తరఫు వాళ్లని ఏ వరసలో కూర్చోబెట్టమంటారు కవిగారూ?"

నాకు ఒళ్లు మండింది.

"పెళ్లి సంగతి నీకెవరు చెప్పారు? ఆఖరి అంకం నా పెట్టెలోనే ఉందే."

సభ గొల్లుమంది. నేనేం వాగానో అప్పుడుగానీ నాకు తెలియలేదు.

"చారు పోపు పెడుతూ మొదటి అంకం తొంగిచూశాను" అంది వెంగమ్మ. "శత్రురాజు కూతురు మన వీరుణ్ణి చూసి పైట సర్దుకుంది. ఇక తండ్రి అతన్ని చెరలో వేస్తాడు, పిల్ల తాళంచెవి తెస్తుంది, చివరికి ఆ మూడు కళ్ల తండ్రే అల్లుడి కాళ్లు కడుగుతాడు."

రాజుగారు నా వైపు తిరిగారు. "కడుగుతాడా భైరవయ్యా?"

"వెండి పళ్లెంలో ప్రభూ" అన్నాను, నేల చూస్తూ.

వెంగమ్మ చేతులు జోడించింది.

"ముగింపు అందరూ వినేశారు కదా దొరా. నాటకం ముగిసినట్టే. వడ్డించమంటారా?"

రాజుగారు కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. మెడలోని ముత్యాల హారం తీసి ఆమె చేతిలో పెట్టి, తామే ముందు విస్తరి దగ్గరికి నడిచారు.

అతిథుల పక్కన కుజలోకం సైనికులు మూడో కన్ను పీకేసి బాసింపట్లు వేసుకున్నారు. నేనూ వాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. పొగలు కక్కే అన్నంలో నెయ్యి పడింది. అబద్ధమెందుకు, నా అయిదు అంకాలకంటే ఆవిడ ముద్దపప్పే రసవత్తరంగా ఉంది.