రెండో బ్రేకు

ఏ డ్రైవింగ్ స్కూల్లో చేరాలో సలోమికి తేలడం లేదు.

ఏడేళ్లుగా మిర్చి యార్డుకి ట్రాలీ ఆటో తోలుతోంది. బండి మీద ఒక్క గీత పడనివ్వలేదు. ఆ సంగతి అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ కూడా చెబుతుంది. ఇప్పుడు కోల్డ్ స్టోరేజీ వాళ్లు లారీ కొంటున్నారు. "హెవీ లైసెన్సు తెచ్చుకో, సీజను మొదలయ్యేసరికి బండి నీ చేతికిస్తాం" అన్నారు. లైసెన్సు రావాలంటే ముందు ఏదో ఒక స్కూల్లో నేర్చుకోవాలి. రెండు చోట్ల ఫీజు కట్టే స్తోమత ఆమెకు లేదు. పైగా లారీ అంటే లోలోపల భయం. అదొక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఊళ్లో చెప్పుకోదగ్గ స్కూళ్లు రెండే. ఒకటి నడిబొడ్డున ఉంది. ఏసీ గది, గోడకి పెద్ద తెర, టై కట్టుకున్న మాస్టారు. రెండోది బైపాసు పక్కన, మూతపడిన ఇటుకబట్టీ స్థలంలో. ఒక రేకుల షెడ్డు, రంగు వెలిసిన ఒక లారీ, అంతే. పదిమందిని అడిగితే పదకొండు సలహాలు వచ్చాయి. చివరికి మస్తాన్ వలీ దగ్గరికి వెళ్లింది.

మస్తాన్ వలీ నలభై ఏళ్లు లారీ తోలినవాడు. ఇప్పుడు యార్డు వెనక కాటా గదిలో కూర్చుని, ప్లాట్‌ఫాం ఎక్కిన లారీలను తూచి చీటీలు ఇస్తుంటాడు. డ్రైవర్లంతా ఆయన్ని గురువుగారు అంటారు. గురువుగారికి మాట్లాడటమంటే మహా బద్ధకం.

"ఏ స్కూలు మంచిది తాతా?" అని అడిగింది సలోమి.

ఆయన చీటీ చింపి ఇవతల పెట్టాడు.

"స్కూలు బండికి రెండు బ్రేకులుంటాయి. నేర్చుకునేవాళ్ల కాలి కింద ఒకటి, పక్కన మాస్టారి కాలి కింద ఒకటి. పెడళ్ల మీద రబ్బరు ఎట్లా ఉందో చూసిరా."

"ఇంకేం అడగొద్దా?"

"నోరు తెరవకు. నీకు కష్టమేలే. అయినా తెరవకు."

మర్నాడు మధ్యాహ్నానికల్లా సలోమి రెండు చోట్లకీ వెళ్లి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"చూశాను తాతా. ఏసీ స్కూల్లో మాస్టారి పెడల్ రబ్బరు అరిగిపోయి ఇనుము మెరుస్తా ఉంది. నేర్చుకునేవాళ్ల రబ్బరు కొత్తగా, గీతలతో సహా ఉంది. షెడ్డు స్కూల్లో దీనికి తలకిందులు. నేర్చుకునేవాళ్ల పెడల్ అరిగి, ట్యూబు ముక్క చుట్టి ఉంది. మాస్టారి పెడల్ మీద దుమ్ము."

"అయితే?"

"అయితే ఏముంది, ఏసీ స్కూలే. అక్కడ మాస్టారి కాలు ఎప్పుడూ బ్రేకు మీదే ఉంటది. షెడ్డాయన నిద్రపోతాడేమో."

మస్తాన్ వలీ కాటా గదిలోంచి బయటికి వచ్చాడు. భోజనాల వేళ, కాటా ఖాళీగా ఉంది. ప్రహరీ లోపల ప్లాట్‌ఫాం అవతల డ్రైవరు బ్రహ్మయ్య తన ఖాళీ లారీ పక్కన నిలబడి ఉన్నాడు.

"బ్రహ్మయ్యా, తాళం ఇట్లా ఇవ్వు. నువ్వు వెనక నిలబడి ఎవరూ రాకుండా చూడు. ఈ అమ్మాయి బండిని వెనక్కి తీసి కాటా మీద పెడతది."

"గురూ, నా బండి!" అన్నాడు బ్రహ్మయ్య. అన్నాడే గానీ తాళం ఇచ్చాడు.

సలోమి డ్రైవరు సీట్లో కూర్చుంది. మస్తాన్ వలీ పక్క సీట్లోంచి వంగి స్టీరింగు మీద ఒక చెయ్యి, హ్యాండ్ బ్రేకు మీద ఒక చెయ్యి వేశాడు. "కుడి. ఇంకొంచెం. ఎడమ. ఆపు." లారీ ఒక్క దెబ్బకి ప్లాట్‌ఫాం మధ్యకి వచ్చి ఆగింది.

సలోమి గట్టిగా నవ్వింది. "ఇంతేనా తాతా! నాకు వచ్చేసింది!"

"మళ్లీ ముందుకు తీసుకుపో" అన్నాడాయన.

ఈసారి ఆయన చెప్పులు విప్పి, సీటు మీద బాసింపట్టు వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"కాళ్లు కింద పెట్టు తాతా."

"మోకాళ్ల నొప్పులమ్మా."

"చెయ్యన్నా వెయ్యి."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

మొదటిసారి ఇంజను ఆగిపోయింది. రెండోసారి లారీ అడ్డంగా తిరిగింది. మూడోసారి వెనక టైరు ర్యాంపు అంచుకి వచ్చింది, బ్రహ్మయ్య గావుకేక పెట్టాడు. సలోమి పక్కకి చూసింది. అక్కడ కాలూ లేదు, చెయ్యీ లేదు. అప్పుడు ఆమె కాలే బ్రేకుని వెతుక్కుంది. లారీ అంచు మీదే ఆగింది.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు భయంగా ఉంది తాతా" అంది. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"ఊఁ" అన్నాడు మస్తాన్ వలీ. కాలు మాత్రం దించలేదు.

ఆమె కళ్లు తుడుచుకుంది. లారీని ముందుకు తీసి, అద్దంలో చూసుకుంటూ, నత్తనడకన వెనక్కి తెచ్చింది. కొంచెం వంకరగానే గానీ, చక్రాలన్నీ ప్లాట్‌ఫాం మీదికి ఎక్కాయి.

మస్తాన్ వలీ మెల్లగా దిగి, చెప్పులు వేసుకుని కాటా గదిలోకి నడిచాడు. మిషను చీటీ కక్కింది. దాన్ని తెచ్చి కిటికీలోంచి ఆమె చేతికిచ్చాడు. బ్రహ్మయ్య మెట్టెక్కి తొంగి చూశాడు.

"ఆరు వేల నాలుగొందల అరవయ్యా? నా ఒట్టి బండి ఆరు వేల నాలుగొందలే గురూ. అరవై కేజీలు ఎక్కువ చూపిస్తంది."

"అది ఈ అమ్మాయి" అన్నాడు మస్తాన్ వలీ.

సలోమి చీటీ వంక చూస్తూ ఉండిపోయింది. పొద్దున చూసిన కొత్త రబ్బరూ, దాని మీద చెరగని గీతలూ కళ్ల ముందు కదిలాయి.

"ఇందులో నువ్వు లేవు తాతా" అంది నెమ్మదిగా.

"రోడ్డు మీద కూడా ఉండనమ్మా."

ఆమె చీటీని మడిచి లైసెన్సు కాగితాల మధ్య పెట్టుకుంది. లారీ దిగి, తన ట్రాలీ ఆటో ఎక్కి, బైపాసు వైపు తిప్పింది.