మగ్గానికి ఎడమ పక్క

"గురువుగారూ, పాడే గొంతును వినేవాళ్లకి ఎంత దూరంలో పెట్టాలి?" అని అడిగింది హైమ. బెజవాడలో కూర్మయ్యగారి స్టూడియోలో ఆమె మిక్సింగ్ నేర్చుకుంటోంది. ఇరుకు గదిలో పాడిన పాటకు కొండగుహ మోత తెచ్చే రివర్బ్, శబ్దాన్ని వెనకనుంచీ నెత్తిమీదనుంచీ కూడా వినిపించే పరికరాలు కొత్తగా చేతికొచ్చాయి. కూర్మయ్యగారు అడిగిన వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. "ముందు వచ్చినాయన పని చూడమ్మా" అన్నారు.

వచ్చినాయన మంగళగిరి నేతగాడు వీరభద్రం. భార్య రత్తమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఆవిడ పాడిన రాముడి పాట ఒక్కటే మనవరాలి ఫోనులో మిగిలింది. సంవత్సరీకం నాడు పదిమందికీ వినిపించాలని ఆయన కోరిక.

హైమ మనసుపెట్టి చేసింది. పాట వెనకున్న మగ్గం చప్పుడు తుడిచేసింది. గొంతుకు రాతిమండపం మోత అద్ది, నాలుగు దిక్కులా పరిచింది. వింటే స్వామి సన్నిధిలో నిలబడ్డట్టే ఉంది, అందులో అబద్ధం లేదు.

వీరభద్రం హెడ్‌ఫోన్లు పెట్టుకుని అటు తిరిగాడు, ఇటు తిరిగాడు, వెనక్కి చూశాడు.

"బాగుందమ్మా. మరి మా ఇంటిది ఎక్కడ?"

"అన్ని పక్కలా ఉంది కదా బాబాయ్."

"దానికంత తిరుగుడెక్కడిది తల్లీ. నలభై ఏళ్లు నా ఎడమ పక్కనే రాట్నం ముందు కూర్చుంది. నూలు కండెలు చుట్టి చేతికందించేది, పాడుకునేది."

హైమ మోతంతా తీసేసింది. మగ్గం చప్పుడు మళ్లీ పెట్టింది. గొంతును ఎడమకు జరిపి, నేలమీద కూర్చున్న మనిషి ఎత్తుకు దించింది.

ఈసారి ఆయన తల తిప్పలేదు. కళ్లు మూసుకున్నాడు. కాళ్లు వాటంతటవే మగ్గం తొక్కసాగాయి. పాట మధ్యలో, కండె అయిపోయి కాబోలు, ఆనాటి మగ్గం చప్పుడు ఆగింది. ఆయన ఎడమ చెయ్యి చాచి అరచెయ్యి పట్టాడు. ఎంతసేపని పడతాడు, అయ్యలారా? మగ్గం మళ్లీ ఆడింది, పాటా అయిపోయింది. చెయ్యి మాత్రం అలాగే ఉంది.

"ఇట్టాగే ఉండనీ అమ్మా" అన్నాడు. "పదిమందికీ వద్దులే."

ఆయన వెళ్లాక హైమ కళ్లు తుడుచుకుంది. "ఏడిపించి పంపానా గురువుగారూ?"

"దూరం ఎంతని అడిగావు కదమ్మా" అన్నారు కూర్మయ్యగారు. "ఆ చెయ్యి చాచినంత."