రెండో కత్తి

కొండపాళెం ఏలే తిమ్మానాయుడికి వేటకన్నా వేట కబుర్లంటే మోజు. ఒకరోజు ఆయన ఒక లేడిని కొట్టుకొచ్చి కోట వాకిట్లో పడేయించి, తోళ్లు ఒలిచే ఓబులేసును పిలిపించాడు. ఎదురుగా పన్నెండు కొత్త కత్తులు పరిపించాడు.

"ఒరే, దీనికి తగిన కత్తి ఏదో ఏరు. తోలుకి గాటు పడిందో, నీ వేలు తీయిస్తా!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

ఓబులేసు కత్తుల వంక చూడలేదు. ముందు లేడి పొదుగు తడిమాడు. వేళ్లకి పాలు అంటుకున్నాయి. తర్వాత రెండు కత్తులు తీశాడు. ఒకటి జానెడు, ఒకటి బెత్తెడు.

"ఒక్కటి ఏరమంటే రెండెందుకురా?"

"తోలును బట్టి కత్తి దొరా. పెద్దది తల్లికి, చిన్నది పిల్లకి."

"నేను కొట్టింది ఒక్కదాన్నే!"

"బాణం ఒక్కటే దొరా. కానీ ఇది పాలిచ్చే తల్లి. పిల్ల ఏ పొదలోనో దీనికోసం చూస్తుంటుంది. రెండ్రోజులు పాలు లేకపోతే దాన్నీ నా దగ్గరికే తెస్తారు."

నాయుడు గుర్రమెక్కి మళ్లీ అడవికి పరుగెత్తాడు. మనుషులు పొదపొదా గాలించారు. మూడోనాడు ఆయనే పిల్లను చేతులమీద మోసుకొచ్చాడు. అప్పటికే అది చల్లబడిపోయింది.

"నీ మాటే నెగ్గింది ఓబులేసూ," అన్నాడు తలెత్తకుండా. "ఏం కావాలో కోరుకో."

ఓబులేసు చిన్న కత్తిని ఆయన కాళ్ల దగ్గర పెట్టాడు.

"నెగ్గకపోయినా బాగుండేది దొరా. దీనికి కత్తి వద్దు. ఒక పార ఇప్పించండి."