గిలకమ్మ ఊడ్చిన గట్టు

నల్లగుట్ట అడవిలో జింకలు, కుందేళ్లు, కోతులు, పిట్టలు కలిసిమెలిసి బతికేవి. అడవి అంచున వాటి చేలు ఉండేవి. అందులో రెండు జొన్నచేలు పక్కపక్కనే ఉండేవి. ఒకటి పెద్దవయసు ముళ్లపందిది. రెండోది గిలకమ్మ అనే ఉడుతది.

గిలకమ్మకు కుదురన్నది పుట్టుకతోనే లేదు. కాలుగాలిన పిల్లిలా చేనంతా తిరుగుతూ ఉండేది. ఆ ఏడు మాత్రం ఆమె కంగారుకు కారణం ఉంది. తొర్రలో కళ్లు తెరవని పిల్లలున్నాయి. జొన్న ఇంటికొస్తేనే చలికాలం వాటి కడుపు నిండుతుంది.

తొలకరి పడగానే జొన్నతో పాటు గునుగు, తుమ్మి, గరిక మొలిచాయి. చేలున్న జంతువులన్నీ పైరు మొదట్లో కలుపు తీశాయి. గట్టు మీది గడ్డిని మాత్రం ముట్టుకోలేదు. అది ఆ అడవి ఆచారం. దాన్ని 'పురుగుల వాటా' అనేవారు.

గిలకమ్మ మనసు అక్కడ ఆగితేనా! పీకిన చోటే మళ్లీ వెతికింది. చివరికి గట్టు కూడా గీకేసింది. రాలిన ఆకుల్ని తోకతో ఊడ్చి పారేసింది.

"గట్టు జోలికి పోకే తల్లీ!" అని ముళ్లపంది కేకేసింది. "ఆ నీడలోనే మన కాపలావాళ్లు ఉంటారు."

"పురుగులా కాపలా? నా చేను అద్దంలా ఉందని కుళ్లుకోకు ముళ్లత్తా!" అంది గిలకమ్మ.

అంతలో మట్టిబెడ్డ కింద నుంచి ముసలి పెంకుపురుగు బయటికొచ్చింది. దాని వెనక సాలీళ్లు, జెర్రులు, రోకలిబండ పురుగులు నిలబడ్డాయి.

"నేల కాలిపోతోంది గిలకమ్మా. తలదాచుకోవడానికి ఒక్క దుబ్బయినా ఉంచవా?" అని పెంకుపురుగు అడిగింది.

"పంట నాది, పెత్తనం మీదా? పదండి, పదండి!"

పాపం, అవన్నీ ముళ్లపంది గట్టుకు వలస పోయాయి.

జొన్న పొట్టకొచ్చే వేళకు లద్దెపురుగు దిగింది. రెండు చేలలోనూ దిగింది. ముళ్లపంది చేనులో సాలీళ్లు దాన్ని ఆకుల మీదే పట్టాయి. కింద పడ్డదాన్ని పెంకుపురుగులు, జెర్రులు ముగించాయి. గిలకమ్మ చేనులో దానికి అడ్డే లేదు. ఉడుత ఈ మొక్క దులిపి ఆ మొక్కకు ఉరికేలోగా ఇక్కడ ఆకు సుడులన్నీ జల్లెడ అయిపోయేవి. ఒక్కతే ఎన్నిటికని కాపలా కాస్తుంది?

కోతకు తాలు కంకులే మిగిలాయి. చలికాలంలో పిల్లలు ఆకలికి ఏడిస్తే గిలకమ్మ గుండె తరుక్కుపోయింది. సిగ్గు విడిచి ముళ్లపంది గడప తొక్కింది. ముళ్లపంది దెప్పలేదు. ఉన్నంతలో కాసిని కంకులు ఇచ్చింది. వాటితో పిల్లలు అర్ధాకలితో చలి దాటాయి.

వానలు రాగానే గిలకమ్మ అడవిలోకి పోయి గునుగు దుబ్బులు వేళ్లతో సహా పెకలించి తెచ్చింది. వాటిని తన గట్టు మీద నాటింది. కోతులు పొట్టలు పట్టుకుని నవ్వాయి.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నావా గిలకమ్మా?"

"అవును, కాలాకే తెలిసింది," అంది గిలకమ్మ.

ఒక పొద్దున ముసలి పెంకుపురుగు వచ్చి ఆ గట్టు మీద ఆగింది. గిలకమ్మకు కాళ్లు పీకాయి, తోక దురద పెట్టింది. అయినా పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఊపిరి బిగబట్టి కదలకుండా కూర్చుంది. పెంకుపురుగు అటూ ఇటూ చూసి, గునుగు దుబ్బు కిందికి దూరింది.

నీతి: కలుపు తీయాలి గానీ కాపలావాళ్ల గూడు పీకకూడదు.