చిలకలకొండ అటుకులు

అనగనగా ఒక రాజు. ఎలాంటి రాజనుకున్నారు! ఆయన మీసం మెలేస్తే పక్క రాజ్యంలో కోడిపుంజులు గంపల కింద దూరేవి. పేరు రత్నకిరీటి. ఆయన కోట చిలకలకొండ మీద. ఆ కొండ ఎంతెత్తంటే, పైన వంటింట్లో తిరగమోత వేస్తే చందమామ తుమ్మేవాడు. కోట పక్కనే గుడి, గోపురం నిండా చిలకలు. అక్కడ ఎవరు తినబోయినా మొదటి చిటికెడు చిలకలకే చల్లాలి.

రాజుకి ముగ్గురు కొడుకులు. ముగ్గురూ వేటకెళ్లిన రోజున ఘటజిహ్వుడనే మాంత్రికుడు కొండెక్కాడు. చిన్నవాడు చిత్రభానుడికి నిశ్చయమైన మంజుఘోషను తనకిమ్మన్నాడు. రాజు ఛీ పొమ్మన్నాడు. వాడు బెత్తం తిప్పాడు. రాజు రావిచెట్టయ్యాడు, రాణి మామిడిచెట్టయింది, మంజుఘోష సంపెంగచెట్టయింది. కోటలో జనమంతా చెట్లయి, కొండంతా వాడి సాయంత్రపు షికారుకు తోటైపోయింది!

"వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది" అని వేట నుంచి తిరిగొచ్చిన అన్నదమ్ములకు గుడి ఉడుత చెప్పింది. పెద్దవాడు వెళ్లి చిలక మెడ నులమబోయి రాయైపోయాడు. రెండోవాడు కత్తి దూసి రాయైపోయాడు. చిత్రభానుడు సంపెంగను కావలించుకున్నాడు. ఒక్క పువ్వు భుజం మీద రాలింది. దాన్ని తలపాగాలో దోపుకుని బయల్దేరాడు. ఆ తలపాగాలోకే ఉడుతా దూరింది.

మొదటి సముద్రం ఈదాడు. రెండోది తిమింగలమెక్కి దాటాడు. మూడోది పుక్కిటపట్టి ఉమ్మేసి నడిచాడు. ఏడోది వచ్చేసరికి విసుగెత్తి ఒక్క దూకు దూకాడు! ఇన్ని చేసినవాడు రోజూ పొద్దుగూకేసరికి మాత్రం కొండున్న దిక్కుకు తిరిగి కూలబడేవాడు. వేటకెళ్లేటప్పుడు అమ్మ కట్టిచ్చిన గుప్పెడు అటుకుల మూట విప్పి, వాసన చూసి, మళ్లీ కట్టేవాడు.

"తినవయ్యా దొరా! బూజు పట్టాక తింటావా?" అనేది ఉడుత.

"తినేస్తే అమ్మ చేతిది ఇంకేం మిగులుతుంది?"

చివరికి దీవి వచ్చింది. బంగారు పంజరంలో చిలక, పక్కన రాళ్లై అన్నలు. ఆకలికి కళ్లు తిరిగి చిత్రభానుడు మూట విప్పాడు. తినబోతూ, చిన్ననాటి అలవాటుకొద్దీ మొదటి చిటికెడు పంజరంలోకి చల్లాడు.

చిలక ఒక్క అటుకు కొరికి ఆగిపోయింది. "ఈ రుచి... గోపురం తొర్రలో మా అమ్మ నా నోట పెట్టేది! రాజకుమారా, ఇల్లు మరిచిపోయేలా మంత్రించి వాడు నాలో ప్రాణం దాచాడు. ఇప్పుడు నాకు ఇల్లు గుర్తొచ్చింది, నేను ఇంటికెగిరితే వాడి ప్రాణం ఇక నాలో నిలవదు. తలుపు తియ్యి!"

తలుపు తీశాడు. చిలక రెక్క విప్పిందో లేదో, అక్కడ కొండ మీద తోటలో షికారు చేస్తున్న ఘటజిహ్వుడు బూడిదకుప్ప, చెట్లన్నీ మళ్లీ మనుషులు! ఇక్కడ అన్నలు ఒళ్లు విరుచుకుని లేచారు.

ముగ్గురూ కొండెక్కేసరికి మంజుఘోష గడపలో నిలబడి ఉంది. "పువ్వు వాడిపోయిందే!" అంది.

"నువ్వు వాడలేదు, చాలు" అన్నాడు.

రాణి పరుగెత్తుకొచ్చింది. "అటుకులు తిన్నావురా నాయనా?"

"చిలక్కి పెట్టానమ్మా."

"మరి నువ్వో?" అంటూ చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది.

పెళ్లి పందిరికి మబ్బుల్నే పరిచారు! చిత్రభానుడు మనవల మనవలు ముసలివాళ్లయ్యేదాకా ఏలాడు. చెట్లయి నిలబడ్డ ప్రతివాళ్లూ తాము నిలబడ్డ చోట ఒక మొక్క నాటారు. ఆ తోటకి ఆయన తలుపే పెట్టించలేదు. ఇప్పటికీ కోట, గుడి ఆ చెట్ల నడుమే ఉన్నాయి. మీరెప్పుడైనా వెళితే, తినేముందు చిటికెడు గోపురం వైపు చల్లండి. ఇల్లు మరిచిన పక్షి ఏదైనా ఆ రుచికి ఎదురుచూస్తూ ఉంటుంది.