గంట మోగని గుట్ట

మొలకగుండ్ల ఊరి వెనక, తుమ్మచెట్లూ నల్లటి రాతిగుండ్లూ తప్ప మరేమీ లేని గుట్ట మీద కెంచమ్మ తల్లి గుడి ఉంది. కొండగొర్రె అనే నాలుగు కొమ్ముల అడవిజింక పిల్లను ఒడిలో పెట్టుకున్న అమ్మ రూపం ఇక్కడ తప్ప మరెక్కడా కనబడదని పెద్దలు చెబుతారు. వాకిట వేలాడే గంటకు నాలుక లేదు. భక్తులు కాళ్ల పట్టీలు మెట్ల దగ్గరే విప్పి రావాలి. ఇక సెల్‌ఫోన్ల సంగతి చెప్పనే అక్కరలేదు.

పూర్వం ఇక్కడ బీరన్న, కెంచమ్మ అనే కాపరి దంపతులు గుడిసె వేసుకుని మేకలు మేపుకునేవారు. లేకలేక వారికొక ఆడబిడ్డ పుట్టింది. కెంచమ్మ పాలు పితుకుతున్న వేళ ఆ బిడ్డ తప్పటడుగులు వేస్తూ గుండ్ల మధ్యకు వెళ్లిపోయింది. మూడోనాడు దొరికింది గాని, ప్రాణం లేదు. అయ్యో, ఆ తల్లి కంట ఒక్క చుక్క రాలలేదు. “ఒక్క కేక ఇనపడినా ఉరికేదాన్నే” అన్న మాట తప్ప ఆమె నోట మరో మాట లేదు.

ఆ వేసవిలోనే తల్లి చచ్చిన కొండగొర్రె పిల్ల ఒకటి బీరన్నకు దొరికింది. చెవులు తప్ప ఒళ్లంటూ లేని ఆ పిల్లకు కెంచమ్మ గుడ్డపీలికను మేకపాలలో ముంచి తాగించింది. అప్పటినుంచి అదే ఆమె లోకం. కొమ్ములు మొలిచేసరికి అది గుట్టెక్కడం మరిగింది, ఆమెకు కంటిమీద కునుకు కరువైంది. చివరికి మందలోని మేకపోతు మెడగంట విప్పి, తెచ్చి దానికి కట్టింది.

“అడివి పానానికి గంటెందుకే?” అన్నాడు బీరన్న.

“నా బిడ్డ యాడుండేదీ నాకు తెలియాల” అంది కెంచమ్మ.

ఆపద వస్తే పొదచాటున కదలక మెదలక నిలబడిపోవడమే కొండగొర్రెకు తెలిసిన విద్య. ఒకనాడు పొద్దు గూకే వేళ గుట్ట మీదికి చిరుత వచ్చింది. పిల్ల తుమ్మపొదలో బిగుసుకుని నిలబడింది. చిరుత దాటిపోయేదే. కాని భయానికి పిల్ల మెడ వణికి గంట మోగింది. ఆ మోత విని కెంచమ్మ పడుతూ లేస్తూ పరుగెత్తింది. పాపం, ఆమెకంటే చిరుతే దగ్గర ఉంది.

ఆమె చేరేసరికి గంట ఒక్కటే మిగిలింది. “నేనే కడితి, నేనే చంపుకుంటి” అంటూ రాతితో కొట్టి దాని నాలుక ఊడదీసింది. మూడు దినాలు అన్నం నీళ్లు ముట్టక ఆ పొద పక్కనున్న గుండు మీదే కూర్చుంది. నాలుగోనాటి వేకువ కునుకులో, ఒడిలో కొండగొర్రె పిల్లతో అమ్మవారు కనిపించి, “ఇద్దరికీ కలిపి ఏడువు తల్లీ, నేను వింటాను” అన్నదట. అప్పుడు ఏడ్చింది కెంచమ్మ. ఆ ఏడుపు కింద ఊరంతా విన్నది. ఆమె కాలం చేశాక బీరన్న ఆ గుండు మీదే కలలోని రూపాన్ని చెక్కించాడు. ఊరివారు దానికి ఆమె పేరే పెట్టుకున్నారు.

నేటికీ పూజారి ప్రతి సోమవారం కొండగొర్రెల కోసం బండ మీద మేకపాలు పోసి, చప్పుడు చేయకుండా వెనక్కి వస్తాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లులు వచ్చి ఆ మూగగంటను ఒకసారి ఊపి, అమ్మ ముందు కూర్చుంటారు. వారు ఏడవడం మొదలుపెడితే హారతి కూడా ఆగుతుంది. ఈ గుడిలో పైకి వినబడనిచ్చేది ఆ ఏడుపు ఒక్కటే. పోయిన బిడ్డను కెంచమ్మ తల్లి తిరిగి ఇవ్వదు. గుట్ట దిగిన తల్లికి ఆ రాత్రి నిద్ర మాత్రం పడుతుంది.