నూకరత్నం తిరిగిచ్చిన ల్యాప్‌టాప్

ఒక చిన్న ఊరి కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ ఊడ్చే నూకరత్నం, ప్రిన్సిపాల్ చెత్తలో పడేయమన్న పాత ల్యాప్‌టాప్‌ను అడిగి ఇంటికి తెచ్చుకుంది. ల్యాబ్‌లో పాఠాలు వింటూ నేర్చుకున్నట్టే, ముందు అందులో ఉన్నదంతా కాపీ తీసి దాచి, తర్వాత పాత కంప్యూటర్లనూ చురుగ్గా నడిపే లినక్స్ ఎక్కించింది. పక్షవాతంతో మాట పడిపోయిన తమ్ముడు అప్పన్న కోసం చిన్న ప్రోగ్రాం రాసింది. అతను మీట నొక్కితే అది "నీళ్లు కావాలి" అని పలికేది.

సంగతి తెలిసి ప్రిన్సిపాల్ పిలిపించాడు. "అది కాలేజీ సొత్తు. ఎలా ఇచ్చానో అలా తెచ్చెయ్."

ఆమె లినక్స్ తీసేసి, దాచిన పాత కాపీనే మళ్లీ ఎక్కించి ఇచ్చింది. ప్రిన్సిపాల్ ఆన్ చేశాడు. ముందున్న టీ చల్లారిపోయినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.

"బాగా పనిచేస్తోందన్నారే?"

"మీరిచ్చినప్పుడు ఇలాగే ఉందండి. అలాగే తెమ్మన్నారు కదా. నేను కలిపింది మా తమ్ముడి మాట ఒక్కటే. అది కాలేజీది కాదని తీసేసుకున్నానండి."

ఆయన ల్యాప్‌టాప్ మూసి ఆమె చేతికిచ్చాడు. "తీసుకెళ్లమ్మా. అతని మాట అతనికిచ్చెయ్."

కొన్నాళ్లకు అప్పన్న తనంతట తానే ప్రోగ్రాంలో ఒక కొత్త మాట చేర్చాడు. అక్క పని నుంచి రాగానే మీట నొక్కాడు.

"అక్కా, తిన్నావా?" అంది ల్యాప్‌టాప్.